అద్దెకిచ్చే ఇల్లు కొనే ముందు



ఈమధ్య ఓనాడు పొద్దున్నే మా పక్కింటి వదినగారు కాఫీ గ్లాసు చేత్తో పట్టుకునే వచ్చి కూర్చున్నారు. వాళ్ళవారు రిటైరయ్యారు. చేతికి నాలుగు డబ్బులొచ్చాయి. "బ్యాంకులో వేస్తే వడ్డీ ఏ మూలకూ రావడంలేదు. ఓ ఫ్లాటు కొని పడేస్తే నెలనెలా అద్దె వస్తుంది. కాలు మీద కాలు వేసుకుని కూర్చోవచ్చు. ఏమంటారు?" అన్నారు. "కాలు మీద కాలు సంగతి తర్వాత చూద్దాం గాని, ముందో కాగితం, పెన్సిలూ పట్రండి" అన్నాను. ఆ పూట మేమిద్దరం వేసుకున్న లెక్కలూ, చెప్పుకున్న మాటలూ మీకూ పనికొస్తాయని యివాళ యిలా మీ ముందుకు వచ్చాను.

నేనేమీ పెద్ద చదువులు చదివినదాన్ని కాను. నాది పదో తరగతితో ఆగిన చదువు. కాని 2019 నుంచి విజయవాడలో రెండు వాటాల చిన్న యింటికి యజమానురాలిని. పుట్టింటివారు నా వాటా కింద యిచ్చిన డబ్బుతో కొన్నాను. ఆ యింటివల్ల నేను సంపాదించిందాని కంటే నేర్చుకున్నదే ఎక్కువ.

ముందు లెక్క. మన ఆడవాళ్ళం కూరగాయల దగ్గర రూపాయికి కూడా బేరమాడతాం. లక్షల దగ్గరికి వచ్చేసరికి మాత్రం "అవన్నీ ఆయన చూసుకుంటారు" అనేస్తాం. అలా అనకండి. ఈ లెక్క పచారీ చిట్టా కంటే కష్టమైందేమీ కాదు.

నలభై లక్షలకు ఓ ఫ్లాటు దొరికిందనుకుందాం. అద్దె నెలకు 12 వేలు. ఏడాదికి లక్షా నలభై నాలుగు వేలని వదినగారు వెంటనే కాగితం మీద వేశారు. "ఆగండి, ఆ నలభై లక్షలతో సరిపోదు" అన్నాను. స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషను ఫీజు అన్నీ కలిపి మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సుమారు ఏడున్నర శాతం. అంటే మూడు లక్షలు. మన పెట్టుబడి 43 లక్షలయింది. ఇక అద్దె సంగతి. ఒకళ్ళు ఖాళీ చేసి మరొకళ్ళు దిగేలోపు ఏడాదికి ఒక నెలైనా ఖాళీ పోతుందనుకోవాలి. మిగిలింది లక్షా ముప్ఫై రెండు వేలు. అందులో ఇంటిపన్ను ఓ అయిదు వేలు. కుళాయి, మోటారు, తలుపు గొళ్ళెం, సింకు కింద కారే పైపు, వీటికి నెలకో వెయ్యి చొప్పున పన్నెండు వేలు. నాలుగయిదేళ్ళకోసారి రంగులు వేయించాలి కనక, ఆ ఖర్చు కింద ఏడాదికో ఆరు వేలు పక్కన పెట్టాలి. మనిషిని వెతికిపెట్టిన బ్రోకరుకు మరో ఆరు వేలు. మొత్తం 29 వేలు. చివరికి చేతికొచ్చేది లక్షా మూడు వేలు. 43 లక్షల మీద అది రెండున్నర శాతం కూడా కాలేదు!

వదినగారి ముఖం చిన్నబోయింది. "అయితే కొనొద్దంటారా?" అన్నారు. కొనొద్దని కాదండీ. నెలనెలా వచ్చే రాబడి కోసమే అయితే బ్యాంకే మేలు కావచ్చు. స్థలం విలువ పెరుగుతుందని కొంటే అది వేరే సంగతి. కాని ఆ పెరుగుదల అమ్మిననాడు గాని చేతికి రాదు. ఈ రెండిటిలో మీరు దేనికోసం కొంటున్నారో ముందు తేల్చుకోండి. అపార్టుమెంటులో ఫ్లాటయితే భూమిలో మీ వాటా ఎన్ని గజాలో దస్తావేజులో చూసుకోండి. కట్టడం ఏటికేడు పాతబడుతుంది. విలువ పెరిగేదల్లా ఆ గజాలకే.

అప్పు చేసి కొనేవాళ్ళకు మరో మాట. ముప్ఫై లక్షల అప్పు, ఎనిమిదిన్నర శాతం వడ్డీ, ఇరవై ఏళ్ళ గడువు అనుకుంటే నెలకు సుమారు 26 వేలు కట్టాలి. వచ్చే అద్దె 12 వేలు. "అద్దెతోనే వాయిదాలు తీరిపోతాయండీ" అని ఎవరైనా అంటే, ఆ మిగతా 14 వేలు ఎవరిస్తారో అడగండి. పైగా 2020లో కరోనా వచ్చినప్పుడు హైదరాబాదులో ఏమయిందో చూశాం కదా. సాఫ్టువేరు పిల్లలంతా సొంతూళ్ళకు వెళ్ళిపోయారు. ఎక్కడ చూసినా టులెట్ బోర్డులే. అద్దె ఆగిపోయినా అప్పు తీరిపోదు కదండీ. కనీసం ఆరు నెలల వాయిదాల డబ్బు విడిగా పెట్టుకోలేనివాళ్ళు యీ పనికి దిగవద్దనే నా సలహా.

రెండోది చోటు. ఇక్కడ నా సొంత పొరపాటు చెబుతాను. మా యిల్లు సింగ్ నగర్ వైపు. ఎండాకాలంలో వెళ్ళి చూశాం. గాలీ వెలుతురూ బాగున్నాయి. బస్సు దగ్గర, బడి దగ్గర. ధర కూడా అందుబాటులోనే వుంది. పొంగిపోయి బయానా యిచ్చేశాం. ఆ వీధిలో పాతకాపులెవరినైనా "వానాకాలంలో యిక్కడికి నీళ్ళొస్తాయా?" అని ఒక్కమాట అడగలేదు. అడిగితే చెప్పేవారు. 2005లోనే బుడమేరు పొంగి ఆ ప్రాంతాలు మునిగాయి. మాకు తెలిసేసరికి 2024 సెప్టెంబరు వచ్చింది. అప్పటి సంగతి తర్వాత చెబుతాను. మీరు మాత్రం కొనబోయే యింటిని రెండుసార్లు చూడండి. ఒకసారి ఎండలో, ఒకసారి వానలో. కిరాణా కొట్టాయన్ని అడగండి, చాకలామెను అడగండి, ఎదురింటి ముసలమ్మను అడగండి. నీళ్ళు ఎంతవరకు వచ్చాయో గోడమీద చెయ్యిపెట్టి మరీ చూపిస్తారు.

మూడోది కాగితాలు. ఈసీ తీశాం, అంతా బాగుందని చాలామంది నిబ్బరంగా వుంటారు. ఆ ఈసీలో కనిపించేది రిజిస్టరయిన లావాదేవీలు మాత్రమే. నోటిమాటగా జరిగిన పంపకాలూ, రిజిస్టరు చెయ్యని వీలునామాలూ, కోర్టులో నడుస్తున్న దావాలూ అన్నీ అందులో కనపడవు. అందుచేత ఈసీ ముప్ఫై ఏళ్ళకు తియ్యాలి. దాంతోబాటు లింకు దస్తావేజులన్నీ వరుసగా చూడాలి. ఎవరినుంచి ఎవరికి వచ్చిందీ, మధ్యలో ఎక్కడా గొలుసు తెగలేదు కదా అని. అసలు కాగితాలు చూపమంటే జిరాక్సులే చూపించారంటే అసలువి ఏ బ్యాంకులో తాకట్టున్నాయో కనుక్కోవాలి. ప్రభుత్వ భూములు, దేవాదాయ భూములు, అసైన్డు భూములు నిషేధిత జాబితాలో వుంటాయి. 22-ఏ జాబితా అంటారు. రిజిస్ట్రేషను శాఖ దగ్గర ఆ సర్వే నంబరు అందులో వుందో లేదో చూపించుకోండి. ఇవన్నీ ఓ ప్లీడరుగారికి ఫీజిచ్చి చూపించుకుంటే ఆ ఖర్చు వృథా కాదు.

"జీపీఏ మీద తీసుకోండి, చవగ్గా పోతుంది" అనేవాళ్ళుంటారు. జీపీఏ కాగితంతో ఆస్తి చేతులు మారదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చి చెప్పింది. రిజిస్టరయిన విక్రయ దస్తావేజు లేనిదే ఆ యిల్లు మీది కాదు.

పిత్రార్జితపు ఆస్తి కొనేటప్పుడు మన ఆడవాళ్ళం తప్పకుండా అడగవలసిన ప్రశ్న ఒకటుంది. "మీకు అక్కచెల్లెళ్ళు ఉన్నారా? వాళ్ళు సంతకం పెడుతున్నారా?" అని. ఆడపిల్లలకు పిత్రార్జితంలో కొడుకులతో సమానంగా హక్కునిస్తూ మన రాష్ట్రంలో 1985లోనే చట్టం తెచ్చారు. అప్పటికి పెళ్ళికాని ఆడపిల్లలకు అది వర్తించింది. 2005లో దేశమంతటికీ, పెళ్ళయినవాళ్ళకు కూడా ఆ హక్కు వచ్చింది. అన్నదమ్ములు ముగ్గురూ సంతకాలు పెట్టారు గదా అని కొంటే, రేపు మెట్టినింటినుంచి ఆ చెల్లెలు కోర్టుకు రావచ్చు. ఆమె రావడంలో తప్పు లేదు. అడక్కుండా కొన్న మనదే తప్పు.

కడుతూండగానే ఫ్లాటు కొనేవాళ్ళు రెరా నంబరు అడగండి. 2016లో వచ్చిన చట్టం అది. స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు ఎనిమిదికి మించినా ఆ నంబరు లేనిదే అమ్మకూడదు. రిజిస్టరయిన అగ్రిమెంటు లేకుండా ధరలో పదోవంతుకు మించి బయానా పుచ్చుకోకూడదు. ఇల్లు ఖరీదు యాభై లక్షలూ, అంతకు పైనా అయితే అందులో నూటికొక రూపాయి పట్టుకుని ఇన్కంటాక్సు శాఖకు కట్టవలసిన పూచీ కొనేవాళ్ళదే. అమ్మేవాడు చెప్పలేదని తప్పించుకోలేం.

ఇక ఎవరి పేరున కొనాలి? వదినగారు యీ ప్రశ్న కాస్త మొహమాటపడుతూ అడిగారు. స్త్రీ పేరున వున్న ఆస్తి మీద ఆమెకు సంపూర్ణమైన హక్కుంటుందని 1956 నాటి హిందూ వారసత్వ చట్టం చెబుతోంది. కాని ఒక మెలిక. భర్త తన డబ్బుతో భార్యపేర కొంటే యిల్లు భార్యదే గాని, ఆ అద్దె మీద పన్ను మాత్రం భర్త లెక్కలోనే పడుతుంది. మన సొంత డబ్బుతో, పుట్టింటి వాటాతోనో సొంత సంపాదనతోనో, కొంటేనే అద్దె మన లెక్కలోకి వస్తుంది. వచ్చిన అద్దెలోంచి మనం కట్టిన ఇంటిపన్ను తీసేసి, మిగిలినదాంట్లో నూటికి ముప్ఫై వంతులు ఖర్చుల కింద తగ్గిస్తారు. రసీదులు చూపనక్కర్లేదు. అప్పు చేసివుంటే వడ్డీ కూడా తగ్గుతుంది. అయితే వడ్డీ అద్దెను మించిపోతే, ఆ నష్టాన్ని జీతంలోంచి ఏడాదికి రెండు లక్షల దాకా తగ్గించుకోవడం పాత పద్ధతిలోనే కుదురుతుంది. కొత్త పద్ధతిలో కుదరదు. ఆ ఆశతో అప్పు చేసేవాళ్ళు ముందే కనుక్కోవాలి.

ఇల్లు కొన్నాం. ఇప్పుడు అద్దెవాళ్ళు. టులెట్ బోర్డు కట్టగానే మనకో కొత్త పెద్దరికం వచ్చేస్తుంది. "మీరేమిట్లు? మాంసం తింటారా? ఎంతమంది చుట్టాలొస్తారు?" అని ప్రశ్నల మీద ప్రశ్నలు. ఒంటరిగా ఉద్యోగం చేసుకునే ఆడపిల్ల వస్తే "ఫామిలీస్ కే యిస్తామమ్మా" అని పంపించేస్తాం. రేపు మన పిల్లే బెంగుళూరులోనో పూనాలోనో సూట్ కేసు పట్టుకుని అలాగే గుమ్మం గుమ్మం తిరుగుతుందని గుర్తుకు రాదు. మనం తెలుసుకోవలసింది రెండే రెండు. అద్దె యివ్వగలరా, యింటిని యిల్లులా చూసుకుంటారా. ఏం పని చేస్తారో, ఇంతకుముందు ఎక్కడున్నారో, ఎందుకు ఖాళీ చేశారో అడగండి. వీలైతే ఆ పాత యింటివాళ్ళతో మాట్లాడండి. ఆధార్ కాపీ తీసుకోండి. మా పై వాటాలో అయిదేళ్ళుగా ఇద్దరు నర్సులుంటున్నారు. ఇంతవరకు అద్దె ఒక్కరోజు ఆలస్యం కాలేదు.

తెలిసినవాళ్ళయినా సరే అగ్రిమెంటు రాసుకోండి. పదకొండు నెలలకే ఎందుకు రాస్తారో తెలుసునా?  రిజిస్ట్రేషను ఖర్చు తప్పించుకోడానికే అలా రాస్తారు. అద్దె ఎంత, ఏ తేదీకి యివ్వాలి, అడ్వాన్సు ఎంత, నీళ్ళూ కరెంటూ ఎవరు కట్టాలి, ఏటా ఎంత పెంచుతాం, ఖాళీ చెయ్యాలంటే ఎన్నాళ్ళ ముందు చెప్పాలి, అన్నీ అందులో వుండాలి. దిగేరోజున కరెంటు మీటరు రీడింగు యిద్దరూ చూసి రాసుకోండి. గోడలు, కుళాయిలు, ఫ్యాన్లు, కిటికీ అద్దాలు ఫోనుతో ఫోటోలు తీసి వాళ్ళకూ పంపండి. ఖాళీ చేసేరోజున "ఈ పగులు మీ పిల్లాడు చేసిందే", "కాదు, మేం వచ్చేప్పటికే వుంది" అని గొడవపడే అవసరం వుండదు. ఎంత కోపం వచ్చినా నీళ్ళు కట్టెయ్యడం, కరెంటు పీకించడం, తాళం వెయ్యడం మాత్రం చెయ్యకండి. అది న్యాయమూ కాదు, చట్టమూ ఒప్పదు. నోటీసివ్వాలి, వినకపోతే కోర్టుకు వెళ్ళాలి. అంతే దారి.

ఇప్పుడు ఇందాక ఆపిన సంగతి. మా కింది వాటాలో కుట్టుపని చేసుకునే భార్యాభర్తలుండేవారు. 2024 సెప్టెంబరు ఒకటిన బుడమేరు నీళ్ళు యింట్లోకి వచ్చేశాయి. వాళ్ళు చంటిపిల్లను ఎత్తుకుని పై వాటాలోకి ఎక్కారు. ఆ నర్సు పిల్లలే అన్నం పెట్టి చూసుకున్నారు. నీళ్ళు రోజుల తరబడి తియ్యలేదు. తీసిన తర్వాత వెళ్ళి చూశాను. మోకాలి పైదాకా బురద చార. రెండు కుట్టుమిషన్లూ తుప్పు. జనం కుట్టమని యిచ్చిన బట్టలు ముద్దలై వున్నాయి. ఆ అమ్మాయి ఏడవలేదు. "అక్కగారూ, మేం ఊరెళ్ళిపోతాం. మా అడ్వాన్సు యిప్పించండి" అంది.

అడ్వాన్సు పద్నాలుగు వేలు. అది నా దగ్గర లేదు. ఎప్పుడో మా అమ్మాయి కాలేజీ ఫీజు కింద కట్టేశాను. ఇంటికొచ్చి మావారితో చెప్తే, "చెప్పకుండా ఖాళీ చేస్తున్నారు కనక ఒక నెల అద్దె పట్టుకోవచ్చు. రంగుల ఖర్చు కూడా పట్టుకో. మనకు మాత్రం నష్టం రాలేదా?" అన్నారు. అగ్రిమెంటు తీసి చూశాను. ఆయన చెప్పింది నిజమే, అందులో అలాగే వుంది. ఆ రాత్రి చాలాసేపు నిద్రపట్టలేదు. గోడలు పాడుచేసింది వాళ్ళు కాదు. పల్లంలో యిల్లు కొన్నది నేను. నీళ్ళొచ్చే చోటని తెలియకుండా వాళ్ళను దింపింది నేను. మర్నాడు గాజు తాకట్టు పెట్టి పద్నాలుగు వేలూ పట్టుకెళ్ళి యిచ్చాను. నేనేదో గొప్పపని చేశానని చెప్పడం లేదండీ. ఆ డబ్బు అసలు నాది కాదు. వాళ్ళు నా దగ్గర దాచుకున్నది. దాన్ని ఖర్చుపెట్టుకోవడమే నేను చేసిన తప్పు.

అప్పటినుంచి అద్దెవాళ్ళ అడ్వాన్సు కోసం బ్యాంకులో విడిగా ఓ ఖాతా తెరిచాను. దాని జోలికి వెళ్ళను. అడ్వాన్సు కూడా రెండు నెలల అద్దెకు మించి తీసుకోను. 2021లో కేంద్రం రాష్ట్రాలకు పంపిన నమూనా అద్దె చట్టంలో కూడా నివాసపు యిళ్ళకు రెండు నెలలే హద్దు. ఇంటికి బీమా చేయించాను. 2021 ఏప్రిల్ నుంచి భారత్ గృహ రక్ష అనే పాలసీ అన్ని సాధారణ బీమా కంపెనీలూ యిస్తున్నాయి. వరదకూ, అగ్నిప్రమాదానికీ అది వర్తిస్తుంది. అయితే మన బీమా మన కట్టడానికీ, మన సామానుకే. అద్దెవాళ్ళ సామాను అందులోకి రాదు. వాళ్ళు విడిగా చేసుకోవాలని ముందే చెప్పడం మన ధర్మం.

ఆ వాటా నాలుగు నెలలు ఖాళీగా పడివుంది. గోడలు ఆరాలి, పెచ్చులు కొట్టి మళ్ళీ పూత వెయ్యాలి. ఆ ఏడాది కింది వాటా మీద నాకొచ్చింది సున్నా కంటే తక్కువ. చివరికి వెయ్యి రూపాయలు తగ్గించి యిచ్చాను. కొత్తగా వచ్చినవాళ్ళకు నీళ్ళు ఎంతవరకు వచ్చాయో గోడమీద చెయ్యిపెట్టి చూపించాను. "మిషన్లూ బియ్యం బస్తాలూ కింద పెట్టకండి" అని చెప్పాను. చూసి, ఆలోచించుకునే దిగారు.

ఇదంతా విని మా వదినగారు కాసేపు మాట్లాడలేదు. "అయితే అద్దె యిల్లు కొనడమంటే ఇంకో సంసారం నెత్తిన పెట్టుకోవడమే నన్నమాట" అన్నారు. అంతేనండీ. బంగారం కొని బీరువాలో పెడితే అది మనల్ని అర్ధరాత్రి ఫోనుచేసి "మోటారు పనిచెయ్యడం లేదు" అనదు. ఇల్లు అంటుంది. ఆ ఫోను విసుక్కోకుండా ఎత్తగలమా అని ముందు మనల్ని మనం ప్రశ్నించుకోవాలి. ఎత్తగలిగితే కొనండి. లెక్క వేసి, వానలో చూసి, కాగితాలు ప్లీడరుకు చూపించి మరీ కొనండి.

వదినగారు యిప్పటికి సగం డబ్బు బ్యాంకులో వేశారు. మిగతా సగానికి తగిన చిన్న వాటా కోసం వెతుకుతున్నారు. మొన్న ఓ యిల్లు చూసొచ్చి, "బాగానే వుంది గాని, వాన పడేదాకా బయానా యివ్వనని చెప్పేశాను" అన్నారు. నాకు ఎంత సంతోషమయిందో చెప్పలేను.